పరీక్షించినవారు: నేను

మార్చి 1, శనివారం

ఇవాళ మధ్యాహ్నం ఆన్‌లైన్ సమావేశంలో మా పాత మదర్‌బోర్డుకు మరణశిక్ష ఖరారు చేశారు. అమలు నెలాఖరున. నేరం ముసలితనం.

తీర్పు చదివింది తాళాలాయన. మా ఫర్మ్‌వేర్ కొత్త కూర్పు విడుదల చేసే తాళాలు ఆయన దగ్గరుంటాయని ఆ పేరు నేనే పెట్టాను. మనిషి మంచివాడే. ఎవరి పీక కోసేముందైనా "దయచేసి" అంటాడు. "దయచేసి గమనించగలరు, ఏడాదిగా ఎవరూ పరీక్షించని బోర్డులు పదకొండున్నాయి. నియమం ప్రకారం వాటి కోడ్ తీసేస్తున్నాం," అన్నాడు. నియమం నాకు తెలీకేం, ఆరేళ్ళ కిందట రాసింది నేనే. "నిజమైన బోర్డు మీద ఎక్కించి, మీట నొక్కి, తెరమీద వచ్చిన లాగ్ జతచేస్తేనే పరీక్ష. కళ్ళతో చదివి బాగుందనడం పరీక్ష కాదు." ఆ రెండో వాక్యానికి అప్పట్లో చాలా మెచ్చుకున్నారు. నేను కూడా మెచ్చుకున్నాను.

పాలిటెక్నిక్‌లో ముప్పై నాలుగేళ్ళు ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరయ్యాక, జీతం లేకుండా ఫర్మ్‌వేర్ రాసే ఈ గుంపులో చేరాను. నేను మొదట బతికించిన బోర్డు ఇదే. పాఠాలు చెప్పినందుకు ఇంకా పంతులమ్మగారు అంటారు, పంతులమ్మలా మాట్లాడతానని కూడా.

శిక్ష విని నోరు విప్పినావిడ ఒక లైబ్రేరియన్. ఎప్పుడూ సమావేశానికి రాదు. "మా దగ్గర ఈ బోర్డులున్న కంప్యూటర్లు తొమ్మిదున్నాయండీ. తయారుచేసిన కంపెనీ వీటిని మర్చిపోయి ఎనిమిదేళ్ళయింది. కొత్త డిస్కులు పెడితే పాత ఫర్మ్‌వేర్ గుర్తుపట్టడం లేదు. ఉద్యోగాలకి దరఖాస్తులు పెట్టుకునేవాళ్ళు తలుపు తియ్యకముందే వచ్చి నిలబడతారు. మీరూ వదిలేస్తే ఇవి తుక్కుకే," అంది.

బోర్డు బతకాలంటే మెమరీని లేపే పాత కోడ్‌ని కొత్త పద్ధతికి మార్చి రాయాలి. అందరూ గొంతు సవరించుకున్నారు. చివరికి ఒక కొత్త గొంతు: "నేను ప్రయత్నిస్తానండీ. కానీ ఆ బోర్డు నా దగ్గర లేదు. రాసింది పనిచేస్తుందో లేదో నాకు తెలీదు." బస్సు డిపోలో మెకానిక్కట. సెలవురోజుల్లో కోడ్ నేర్చుకుంటున్నాడు. ఇంతవరకూ మా దగ్గర కోడ్ పక్కన రాసే వ్యాఖ్యల్లో అచ్చుతప్పులు తప్ప ఏమీ దిద్దలేదు.

"నువ్వు రాయి నాయనా. పరీక్ష నాది," అన్నాను. బోర్డు నా బీరువాలో ఉంది, చెప్పుల డబ్బాలో.

కోడలు సాయంత్రం టీ ఇచ్చింది. మళ్ళీ సగం కప్పే.

మార్చి 4, మంగళవారం

కోడలు పళ్ళ డాక్టరు. కింద వాటాలో క్లినిక్కు, పైన మేం. మావాడు సర్వే పని మీద నెలకి ఇరవై రోజులు ఊళ్ళు తిరుగుతాడు గనక ఇంట్లో మిగిలేది మేమిద్దరం, మా మర్యాద.

భోజనాల దగ్గర అడిగింది: "ఇంతకీ ఈ ఫర్మ్‌వేర్ అంటే ఏంటత్తయ్యా? మా అత్తగారు కంప్యూటర్లు బాగుచేస్తారని రిసెప్షన్ అమ్మాయికి చెప్పాను. తన ఫోన్ పట్టుకొచ్చింది."

"మీట నొక్కగానే కంప్యూటర్‌కి తనెవరో తెలీదమ్మా. ఒక చిన్న చిప్పులో ఉన్న ప్రోగ్రాం దాన్ని తట్టి లేపి, ఇదిగో నీ మెమరీ, ఇదిగో నీ డిస్కు అని చూపించి పక్కకి తప్పుకుంటుంది. అదే."

"అది చెడిపోతే?"

"దీపం వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, అంతే. మావాళ్ళు దాన్ని ఇటుక అంటారు."

"దాన్ని జీతం లేకుండా ఎవరెవరో కలిసి రాస్తుంటారా?"

"రాస్తుంటారు."

"మరి గొడవలు పడరా?"

"పడతాం. అదీ ఉచితమే."

నవ్వింది. పళ్ళు బాగుంటాయి. వృత్తిధర్మం.

మార్చి 12, బుధవారం

మెకానిక్ ప్యాచ్ పంపాడు, అంటే మార్చి రాసిన కోడ్. మూడువందల పంక్తులు. ఇరవైఏడు చోట్ల చీవాట్లు పెట్టాను. అన్నిటికీ "సరే మేడమ్" అన్నాడు, ఒక్కదానికి తప్ప.

"పాత కోడ్‌లో రెండో మెమరీని లేపేముందు కాసేపు ఆగమని ఒక లైనుంది మేడమ్. ఎందుకాగాలో ఎక్కడా రాసి లేదు. నేను ఇంజన్ విప్పితే ప్రతి నట్టూ ఎక్కడిదో తెలిసేదాకా మూత పెట్టను. ఇది ఉంచమంటారా?"

ఈ రోజుల్లో ఇలా అడిగేవాళ్ళు లేరు. ముచ్చటేసింది. ముచ్చట పైకి కనపడకుండా జవాబిచ్చాను: "ఆ రోజుల్లో ఎవరో భయస్తుడు పెట్టుంటాడు. ఆగితే కంప్యూటర్ లేవడం ఆలస్యమవుతుంది తప్ప ఉపయోగం లేదు. తీసెయ్."

"సరే మేడమ్."

మార్చి 19, బుధవారం

చెప్పుల డబ్బా దించాను. పోయినేడు ఏదో ప్రయోగం సగంలో వదిలేశాను గనక ఈ బోర్డు ఇప్పుడు దానంతటది లేవదు. చిప్పు మీద క్లిప్పు పెట్టి, వైరు ద్వారా బయటినుంచి కొత్త ఫర్మ్‌వేర్ రాయాలి. చిప్పు వేలిగోరంత, ఎనిమిది కాళ్ళు. క్లిప్పు దాని నెత్తిన తిన్నగా కూర్చోవాలి. ఇలాంటివి కళ్ళు మూసుకుని చేసేదాన్ని.

ఈ క్లిప్పు మంచిది కాదు. జారిపోతోంది. ఇప్పుడన్నీ నాసిరకమే వస్తున్నాయి.

మార్చి 20, గురువారం

క్లిప్పు తప్పు కాదు. బల్ల ఊగుతోంది. నాలుగో కాలు కింద కాగితం మడిచి పెట్టాను.

మార్చి 21, శుక్రవారం

లైటు కూడా సరిగ్గా లేదు. పెన్ను కూడా మార్చాలి, ఈ పేజీలో అక్షరాలు చూస్తే నాకే చిరాగ్గా ఉంది.

మార్చి 23, ఆదివారం

ప్యాచ్ మళ్ళీ మొదట్నుంచి చదివాను. రెండు రోజులు, పంక్తి పంక్తీ. ఇందులో చెడిపోవడానికేమీ లేదు. ముప్పై నాలుగేళ్ళు విద్యార్థుల సర్క్యూట్లు కాగితం మీద చూసి, ఏది కాలిపోతుందో ముందే చెప్పినదాన్ని. నాకు మీట నొక్కి చూడాల్సిన అవసరమేంటి? ఆ నియమం అనుభవం లేనివాళ్ళకోసం.

నెలాఖరు ఇంకా ఎనిమిది రోజులుంది. అయినా తాత్సారం దేనికి?

మార్చి 24, సోమవారం

పంపేశాను. "పరీక్షించినవారు: నేను."

లాగ్ కూడా జతచేశాను. పోయినేడాది ఇదే బోర్డు మీద వచ్చిన లాగ్ నా దగ్గరుంది, చాలా శుభ్రమైన లాగ్. తేదీ, కూర్పు సంఖ్య, రెండు చోట్ల సవరించాను. మిగతాదంతా అదే వస్తుంది కదా. రాబోయేదాన్ని కాస్త ముందుగా రాశానంతే.

ఎదురింటి కుక్క పొద్దుట్నుంచీ మొరుగుతోంది. దానికి నన్ను చూస్తే మొదట్నుంచీ పడదు.

మార్చి 29, శనివారం

బోర్డు బతికింది. కొత్త కూర్పులో ఉంది. తాళాలాయన సమావేశంలో అందరి ముందూ అన్నాడు: "దయచేసి మిగతావాళ్ళు పంతులమ్మగారిని చూసి నేర్చుకోండి. లాగ్ అంటే అలా ఉండాలి."

తరవాత మెకానిక్ అందుకున్నాడు: "నా మొదటి ప్యాచ్ మేడమ్. మా డిపోలో అందరికీ చూపించాను. వాళ్ళకేం అర్థం కాలేదు, అయినా టీ ఇప్పించారు."

వాడికి డిపోవాళ్ళు నిండు కప్పే పోయించుంటారు. ఈ ఇంట్లో నాకు ఆ భాగ్యం లేదు.

ఏప్రిల్ 3, గురువారం

లైబ్రరీ ఆవిడ మెయిల్. నాలుగు కంప్యూటర్లలో కొత్త కూర్పు ఎక్కించింది. నాలుగూ లేవలేదు.

"మొదటిది లేవకపోతే దాని డిస్కు పోయిందనుకున్నాను. రెండోది కరెంటు తేడా అనుకున్నాను. లాగ్ జతచేసి ఉంది, మేడమ్ సంతకం ఉంది, తప్పు నాదే అయ్యుంటుందని మిగతా రెండూ చేశాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. తెరలు నల్లగా ఉన్నాయి. ఇప్పుడేం చెయ్యాలి?"

రెండు ఇటుకలయ్యాక కూడా ఆగకపోవడమేంటి? అంత నమ్మకం మనిషికి పనికిరాదు.

ఏప్రిల్ 5, శనివారం

ఇవాళ్టి సమావేశం ఉన్నదున్నట్టు రాస్తాను.

తాళాలాయన అన్నాడు: "దయచేసి అర్థం చేసుకోండి. పంతులమ్మగారు బోర్డు మీద ఎక్కించి చూశారు. అప్పుడు లేచింది, లాగ్ ఉంది. అంటే ఆ తరవాత ఎవరో ఏదో ముట్టుకున్నారు."

ఆ ఎవరో ఎవరో అందరికీ అర్థమైంది.

"చివర్లో ఒక ఖాళీ లైను తీసేశానండీ. అంతే," అన్నాడు మెకానిక్.

"పరీక్ష అయ్యాక ఖాళీ లైనైనా ముట్టుకోకూడదని తెలీదా?" అన్నారెవరో.

"తెలీదండీ. తప్పయింది."

"నాలుగు కంప్యూటర్లండీ! అక్కడ జనం వరసలో నిలబడుతున్నారట," అంది ఇంకో గొంతు.

"తప్పయిందండీ," అన్నాడు మళ్ళీ. పక్కన ఎక్కడో బస్సు రివర్సు తీస్తున్న చప్పుడు. డిపో నుంచే మాట్లాడుతున్నట్టున్నాడు.

తీర్మానం: ప్యాచ్ వెనక్కి. బోర్డు తొలగింపు. మెకానిక్ ఆర్నెల్లపాటు ఏమీ పంపకూడదు.

నా మైకు మ్యూట్‌లో ఉంది. నేనే పెట్టుకున్నాను.

ఏప్రిల్ 6, ఆదివారం

ఒకటి మాత్రం నిజం. ఆ ఖాళీ లైను వాడు తియ్యకుండా ఉండాల్సింది. క్రమశిక్షణ అనేది ఒకటుంటుంది.

ఒకటి మాత్రం నిజం, అని మొదలుపెట్టిన విద్యార్థుల జవాబులన్నిటికీ నేను సున్నాలు వేశాను.

ఏప్రిల్ 8, మంగళవారం

నత్త దగ్గర్నుంచి మెయిల్. మా గుంపులో అందరి కోడ్‌నీ చదివే మనిషి. ఏదడిగినా జవాబుకి మూడు వారాలు. ఇది రెండు వారాల్లో వచ్చింది, అంటే ఆయన పరుగెత్తినట్టు లెక్క. నాకొక్కదానికే రాశాడు.

"పంతులమ్మగారికి నమస్కారం. మీ లాగ్‌లో 41వ పంక్తి: 'రెండో మెమరీ కోసం ఆగుతున్నాం.' ఈ ప్యాచ్‌లో ఆ ఆగే లైనే తీసేశారు కదా. తీసేసిన లైను ఆ మాట ఎలా అచ్చువేసిందో నాకు అర్థం కాలేదు. నేను పొరబడి ఉంటే దిద్దగలరు. ఇంకెవరికీ చెప్పలేదు."

చదువుకున్నవాడి చేత తిట్టించుకోవడంలో ఉన్న ఇబ్బంది ఇదే. తిట్టు ఎక్కడుందో వెతికినా దొరకదు.

ఏప్రిల్ 9, బుధవారం

ఏమీ రాయాలని లేదు.

ఏప్రిల్ 10, గురువారం

పొద్దున్నే కోడలు టీ తెచ్చి, వెళ్ళకుండా ఎదురుగా కూర్చుంది.

"రెండ్రోజులుగా కంప్యూటర్ ముట్టుకోలేదేంటత్తయ్యా?"

"కళ్ళు నొప్పి."

"కళ్ళేనా?"

"నీకు పేషెంట్లు లేరా?"

"తొమ్మిదింటికి. గంట టైముంది."

ఎక్కడలేని కోపం వచ్చింది. ఎవరిమీద చూపించాలో తెలీక కప్పు మీద చూపించాను. "ఈ ఇంట్లో టీ పొడికి కరువొచ్చిందా? ఎప్పుడు చూడు, సగం కప్పు! నేనేమన్నా చంటిపిల్లనా?"

కోడలు కప్పుని నావైపు జరిపింది.

"నిండా పోస్తే మీరు తాగరత్తయ్యా. ముట్టుకోకుండా కూర్చుని, నేను కిందకి వెళ్ళాక సింకులో పారబోస్తారు. సింకు కడిగేది నేనే కదా. సగం కప్పయితే తొణకదు, తాగుతారు. పోయిన వానాకాలం నుంచీ అంతే."

పోయిన వానాకాలం నుంచీ. నేను పోయిన నెలలో క్లిప్పుని, బల్లని, లైటుని, పెన్నుని వరసపెట్టి దోషుల్ని చేశాను. ఈమె తొమ్మిది నెలలుగా కప్పులో టీ తగ్గించి ఊరుకుంది.

"మరి అడగొచ్చుగా?"

"అడిగితే చెబుతారా?"

చెప్పను. ఆ మాట ఇద్దరికీ తెలుసు.

"రోజంతా నేను చూసేది నోళ్ళే అనుకుంటారు అందరూ," అంది. "ముందు చూసేది చేతులు. కుర్చీ పట్టుకుని కూర్చుంటారు చూడండి, ఆ చేతులు. భయానికి వణికేవి వేరు, ఊరికే వణికేవి వేరు. మీది భయం కాదు."

"ఇప్పుడు భయమే," అన్నాను.

మొత్తం చెప్పాను. లాగ్ సంగతి, మెకానిక్ సంగతి, 41వ పంక్తి. మధ్యలో ఒక్కసారి కూడా అయ్యో అనలేదు. చివర్లో అడిగింది: "అంటే నేను ఎక్స్‌రే తియ్యకుండా, పోయినేడాది ఎక్స్‌రే మీద తేదీ మార్చి, పన్ను పీకినట్టా?"

"అంతే."

"ఎన్ని పళ్ళు?"

"నాలుగు. లైబ్రరీలో."

"తప్పు కాంపౌండర్ మీద పెట్టారు."

"పెట్టలేదు. పెడుతుంటే చూస్తూ కూర్చున్నాను."

"క్లిప్పు తీసుకుని కిందకి రండి," అంది లేస్తూ.

పళ్ళ డాక్టరు కుర్చీలో పడుకోబెట్టిన మొదటి మదర్‌బోర్డు మాదే అయ్యుంటుంది. పైనుంచి పెద్ద లైటు దించింది. కళ్ళకి భూతద్దాలు తగిలించుకుంది. చిప్పు ఒక మూల చుక్క ఉంటుంది, ఎర్ర వైరు అటువైపు రావాలని చెప్పాను. వంగి, ఊపిరి వదులుతూ, క్లిప్పు పెట్టింది. మొదటిసారికే కూర్చుంది.

"ఎనిమిది కాళ్ళూ పట్టుకుందంటారా?"

"పట్టుకుంది."

"హాయిగా ఉందత్తయ్యా. నోరు తెరిచి ఉంచమని దీనికి పదిసార్లు చెప్పక్కర్లేదు."

మెకానిక్ ప్యాచ్ చిప్పులోకి ఎక్కించాం. క్లిప్పు తీసి, కేబుల్ తగిలించి, మీట నొక్కాను. మీట నొక్కడానికి వణికే చెయ్యి కూడా చాలు. తెరమీద నలభై పంక్తులు గబగబా వచ్చాయి. నలభైయో పంక్తి: "మొదటి మెమరీ సిద్ధం." తరవాత ఏమీ రాలేదు. ఎంతసేపు చూసినా ఏమీ రాలేదు.

గడియారం చూశాను. చెప్పుల డబ్బా మూత తీసినప్పట్నుంచి పదకొండు నిమిషాలు.

పైకొచ్చి ఆ తీసేసిన లైను చరిత్ర చూశాను. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, అన్నీ అందులో ఉంటాయి. తొమ్మిదేళ్ళ కిందట. రాసినవారు: నేను. ఆ భయస్తుణ్ణి నేనే. రెండో మెమరీ నిద్ర లేవడానికి టైం పడుతుందని అప్పట్లో నాలుగు రోజులు బుర్ర బద్దలుకొట్టుకుని కనిపెట్టినట్టున్నాను. ఎందుకో ఒక్క మాట పక్కన రాసి పెట్టలేదు. నాకు గుర్తుంటుందనుకుని ఉంటాను.

ఏప్రిల్ 11, శుక్రవారం

గుంపు మొత్తానికి మెయిల్ పంపాను. ఏడుసార్లు రాశాను. మొదటి ఆరింటిలో చెయ్యి, వయసు, బల్ల ఉన్నాయి. ఏడోది ఇది:

"మార్చి 24న నేను పంపిన లాగ్ పోయినేడాదిది. తేదీ మార్చి పంపాను. ఆ ప్యాచ్‌ని నేను బోర్డు మీద పరీక్షించలేదు. నిన్న పరీక్షించాం, లేవలేదు. కారణం రెండో మెమరీ ముందు ఆగే లైను తీసెయ్యడం. దాన్ని తియ్యాలా అని మెకానిక్ అడిగాడు. తియ్యమన్నది నేను. ఖాళీ లైనుకీ దీనికీ సంబంధం లేదు. మెకానిక్‌కీ సంబంధం లేదు. లైబ్రరీలో నాలుగు కంప్యూటర్లు పోయింది నా సంతకం వల్ల. ఎల్లుండి వచ్చి వాటిని లేపుతాం."

మీట నొక్కాక కాసేపు ఆ గదిలో ఉండలేకపోయాను. వెళ్ళి ఎదురింటి కుక్కని చూశాను. ఇవాళ మొరగలేదు.

ఏప్రిల్ 12, శనివారం

సమావేశానికి ముప్పైమంది వచ్చారు. మామూలుగా తొమ్మిదిమంది. కొత్త కూర్పు విడుదలకి రానివాళ్ళు కూడా నా విడుదలకి వచ్చారు.

తాళాలాయన మొదలుపెట్టాడు. "దయచేసి... అంటే, పంతులమ్మగారూ... మీ విషయంలో నియమం..."

"నియమం నాలుగో అంశం," అన్నాను. "తప్పుడు పరీక్ష నివేదిక ఇచ్చినవారికి పరీక్షించే హక్కు ఉండదు. గడువు లేదు. నేనే రాశాను, నాకు కంఠతా వచ్చు. ముందు ఆ అబ్బాయి మీద పెట్టిన ఆర్నెల్లు తీసెయ్యండి, తరవాత నా సంగతి."

రెండూ చేశారు. రెండో దానికి ఎవరో ముక్కు ఎగబీల్చారు. నత్త అనుకుంటాను. బోర్డు సంగతి మాత్రం ఇంకా తేలలేదు. నెలాఖరులోగా సరైన ప్యాచ్, నమ్మదగినవాళ్ళ పరీక్ష వస్తే ఉంటుంది, లేకపోతే పోతుంది.

మెకానిక్‌ని అడిగాను, అందరి ముందే: "ఆ లైను తియ్యమన్నది నేనని నీకు తెలుసు. పోయినవారం ఎందుకు చెప్పలేదు?"

"చరిత్ర చూశాను మేడమ్. దాన్ని రాసింది మీరే, తియ్యమన్నదీ మీరే. మీకు తెలీదని నేనెలా అనుకుంటాను?"

"మరి ఖాళీ లైను కథేంటి?"

"అది కూడా నిజమే మేడమ్. తీశాను. ఒప్పుకోవడానికి అదొక్కటే కనిపించింది."

జీవితంలో ఇన్ని వేలమందికి పాఠాలు చెప్పాను. ఒక్కడు కూడా ఇంత మర్యాదగా నా మొహం పగలగొట్టలేదు.

ఏప్రిల్ 13, ఆదివారం

క్లినిక్కుకి సెలవు. బస్సులో రెండు గంటలు. కోడలి ఒళ్ళో భూతద్దాల పెట్టె, నా ఒళ్ళో చెప్పుల డబ్బా. కండక్టరు డబ్బా వంక చూసి, "చెప్పులు మార్చుకోవడానికా పెద్దమ్మా?" అన్నాడు. అవునన్నాను.

లైబ్రరీ ఆవిడ గుమ్మంలోనే ఉంది. నాకంటే పదేళ్ళు చిన్న. వేళ్ళకి జిగురు మరకలు. చిరిగిన పుస్తకాలు కుట్టి అట్టలు వేసుకుంటుందట, ఆమే. తిడుతుందని సిద్ధపడి వెళ్ళాను. "నాలుగూ గోడవైపు తిప్పి పెట్టానండీ. జనం వచ్చి మీటలు నొక్కుతున్నారు," అంది. అది తిట్టుకంటే ఎక్కువే.

మొదటిదానికి కోడలు క్లిప్పు పెట్టింది. పాత కూర్పు రాశాం. తెర వెలిగింది. లైబ్రరీ ఆవిడ చప్పట్లు కొట్టబోయి, గోడమీద "నిశ్శబ్దం" బోర్డు చూసి ఆగిపోయింది. సెలవురోజు, లోపల మేం ముగ్గురమే.

రెండోది కూడా లేచాక, "నన్ను పెట్టనిస్తారా?" అని అడిగింది.

"ఇంతకుముందు చేశారా?" అన్నాను.

"లేదండీ. కానీ అరిగిపోయిన కాగితానికి దారం ఎక్కిస్తుంటాను."

కోడలు భూతద్దాలు తీసి ఆమెకి తగిలించింది. మోచేతులు బల్లమీద ఆనించమంది, ఊపిరి వదిలేటప్పుడు పెట్టమంది. నా విద్యార్థులకి నేను చెప్పిన మాటలే. ఈమెకెవరు చెప్పారో. రెండుసార్లు జారింది, మూడోసారి కూర్చుంది. మూడోదీ నాలుగోదీ ఆవిడే లేపింది.

నేను కుర్చీలో కూర్చుని లాగ్ చదివాను. పంక్తి పంక్తీ, పైకి. అది వణకదు.

తిరుగు బస్సులో కోడలు, "వచ్చే గురువారం నరాల డాక్టరు దగ్గర పేరు రాయించాను," అంది.

"నన్నడక్కుండానా?"

"అడిగితే వస్తారా?"

ఏప్రిల్ 19, శనివారం

మెకానిక్ కొత్త ప్యాచ్ పంపాడు. పాతదే, ఒక్క లైను తిరిగొచ్చింది. దాని పైన వ్యాఖ్య నన్ను రాయమన్నాడు. రాశాను:

"రెండో మెమరీ ఆలస్యంగా లేస్తుంది. అందుకే ఆగుతున్నాం. ఈ లైను తియ్యమని ఎవరు చెప్పినా తియ్యకండి. రాసినావిడే వచ్చి చెప్పినా తియ్యకండి."

క్లినిక్కు కుర్చీలో ఒకసారి, లైబ్రరీలో తొమ్మిదిసార్లు ఎక్కించి చూశారు. అన్నీ లేచాయి. లాగ్‌లు నిన్నటివి. తేదీలు వాటంతటవే వచ్చాయి. తాళాలాయన బోర్డుని ఉంచాడు. ప్యాచ్ కింద ఇలా ఉంది:

రాసినవారు: డిపో మెకానిక్.
పరీక్షించినవారు: పళ్ళ డాక్టరు, లైబ్రేరియన్.
చదివినవారు: నత్త.
చదివినవారు: నేను.

కోడలు తన పేరు చూసుకుని, ఫ్రేము కట్టించి క్లినిక్కులో డిగ్రీ పక్కన పెడతానంటోంది. ఇప్పటికే ఆమెకి మా మెమరీ కోడ్ మీద అభిప్రాయాలు మొదలయ్యాయి. నత్తకి రాసిందట. జవాబు మే నెలలో వస్తుంది.

ఏప్రిల్ 26, శనివారం

ఇంకో బోర్డుకి ప్యాచ్ వచ్చింది. పంపినవాడు, "మేడమ్, మీరు ఒకసారి చూసి సంతకం పెడితే చాలు," అన్నాడు.

చదివాను. పరీక్షించలేదు. అలాగే రాశాను.

కోడలు టీ సగం కప్పు ఇచ్చింది. తాగేసి, ఇంకో సగం అడిగి పోయించుకున్నాను.